ఊఁ అత్త, కబుర్ల గాడిద

ఊఁ అత్తకు ఆ పేరు ఎవరు పెట్టారో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు కానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. ఎవరు ఏం చెప్పినా ఆమె నోటినుంచి వచ్చేది ఊఁ ఒక్కటే. వాన పడేట్టుందత్తా అంటే ఊఁ. నీ మేక మా చిక్కుడు పాదు తినేసిందత్తా అంటే ఊఁ. నీకసలు నోరుందా అత్తా అని ఎవరైనా వేళాకోళం చేస్తే, దానికీ ఊఁ.

అది పుట్టుకతో వచ్చిన అలవాటేమీ కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా నలుగురిలాగే మాట్లాడేదట. అయితే కట్టుకున్నవాడు మాటల పుట్ట. పొద్దున్నే కళ్ళు తెరవకముందే నోరు తెరిచేవాడు. ముఖం కడుక్కునేటప్పుడు పుక్కిలించిన నీళ్ళు ఉమ్మేదాకా కూడా ఆగలేక, నోట్లో నీళ్ళతోనే ఏదో చెప్పబోయి చొక్కా తడుపుకునేవాడు. ఆ ఇంట్లో మాట్లాడాలంటే మధ్యలో సందు దొరకాలి. సందు దొరక్క ఆమె ఊఁ కొట్టడానికి అలవాటు పడిపోయింది. కొన్నేళ్ళ కిందట జ్వరమొచ్చి ఆయన పోయాడు. పోయేముందు కూడా డాక్టరుకు జ్వరం గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంట్లో కావలసినంత సందు. మాట్లాడదామంటే వినేవాళ్ళు లేరు.

ఇబ్బందల్లా ఆ ఊఁతోనే. ఆమె లెక్కలో ఊఁ అంటే 'వినబడింది' అని. లోకం లెక్కలో ఊఁ అంటే 'సరే' అని.

ఈ తేడాను అందరికంటే బాగా వాడుకున్నవాడు ఆమె మరిది. ఊళ్ళో అతన్ని ప్లాన్లాయన అంటారు. ఎప్పుడు చూసినా అతని దగ్గర ఒక ప్లాను ఉంటుంది, ఎప్పుడు చూసినా అది వచ్చే నెల మొదలవుతుంది. ఓసారి వచ్చి, "వదినా, బావి పక్క పొలం చెక్క ఊరికే పడుందిగా, నేను నాలుగు వంగ మొక్కలు వేసుకుంటాను" అన్నాడు. ఊఁ అంది. ఆ పొలం మొత్తంలో బంగారంలాంటి నేల అదే. అక్కడ గుమ్మడి గింజ పడితే తీగ పాకి పాకి బావిలోకి తొంగి చూసేది. ఊఁ అన్న పాపానికి అది అతని వంగతోట అయిపోయింది.

ఇంకోసారి వచ్చి, "నీ గుమ్మడికాయలు నా ట్రాలీ ఆటోలో సంతకు దింపుతాను వదినా, బాడుగ అమ్మకంలో పట్టుకుంటాలే" అన్నాడు. దానికీ ఊఁ. అప్పటినుంచి ఆమె ఏడాది పొడుగునా గాడిద చాకిరీ చేసి పండించిన కాయలు ఆటో ఎక్కేవి. సంతలో అమ్మాక అతను బాడుగ పట్టుకునేవాడు. తర్వాత డీజిలు. తర్వాత టైర్ల అరుగుదల. తర్వాత డ్రైవరు టీ. డ్రైవరు తనే. చివరికి ఆమె ఖాళీ గోనెసంచులు మడత పెట్టుకుని ఇంటికి వచ్చేది. అతనికి వేరే బేరం తగిలిన రోజున కాయల్ని తనే నెత్తిన పెట్టుకుని మోసేది. గుమ్మడికాయ మోసి మోసి, ఆమె మెడ పక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూడాల్సి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఊరి బడి అరుగు మీద ఒక సంస్థవాళ్ళు వచ్చి కుర్చీలు వేశారు. భర్త పోయి ఒంటరిగా సేద్యం చేసుకునే ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి నిలబడి చెప్పింది.

"మీ ఫోన్లలోకి నేరుగా డబ్బు వేస్తామండీ. తిరిగి ఇవ్వక్కర్లేదు. విత్తనాలే కొనాలని లేదు, ఎరువే కొనాలని లేదు. మీకేం కావాలో మాకంటే మీకే బాగా తెలుసు."

వెనకనుంచి ఒక ముసలామె అడిగింది.

"ఈ సంగతి మీ ఇంట్లోవాళ్ళకు తెలుసా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఊఁ అత్త మాత్రం నవ్వలేదు. 'మీకే బాగా తెలుసు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తనకేదో బాగా తెలుసని తనతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. టోపీ అమ్మాయి దగ్గరికొచ్చి, "మీరేం చేద్దామనుకుంటున్నారండీ?" అని అడిగితే, అలవాటు కొద్దీ ఊఁ అని ఊరుకుంది.

నిజంగానే డబ్బు పడింది. ఫోను టింగుమంది. చదివించుకుందామని కొట్టు దగ్గరికి తీసుకెళితే, కొట్టతను అక్కడున్న నలుగురికీ వినబడేట్టు చదివాడు. ఆమె ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు మరిది చెప్పులున్నాయి. చెప్పుల్లో మరిది ఉన్నాడు.

"వదినా, సోడా మిషను," అన్నాడు. "గ్యాసు పట్టించడం, సీసాలు నింపడం, అంతే. దాహం లేని మనిషి ఎక్కడైనా ఉన్నాడా? డబ్బు నీది, బుర్ర నాది. ఏమంటావు?"

"ఊఁ."

అతను అటు వెళ్ళగానే ఇటునుంచి తోటికోడలు వచ్చింది. ప్లాన్లాయన భార్య ఆమె. గొంతు బాగా తగ్గించి చెప్పింది. "అక్కా, నాకొక కుట్టు మిషను కొనిపెట్టు. నెమ్మదిగా తీర్చేస్తాను. మా ఆయనకు మాత్రం చెప్పకు. తెలిసిందంటే ఆ మిషను మీద కూడా ఒక ప్లాను వేస్తాడు."

"ఊఁ."

సాయంత్రం పక్కింటి దర్జీ వచ్చాడు. ఆయనకు ముందు పళ్ళు లేవు. దారం కొరకాలంటే కస్టమరును కొరకమని బతిమాలుకోవాల్సి వస్తోందట. "ఓ ఫళ్ళ హెట్టు ఇప్ఫించు తల్లీ, నీ ఫేరు చెప్ఫుకుని నవ్వుకుంటాను" అన్నాడు.

"ఊఁ."

ముగ్గురూ సంతోషంగా వెళ్ళిపోయారు. ఆమె తలుపు వేసుకుని, మెడకు వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుని, గోడను చూస్తూ కూర్చుంది. మరునాడు సంత.

సంతలో ఓ మూల గిన్నెల తాత కనిపించాడు. ఊరూరా తిరిగి గిన్నెలమ్మే ముసలాయన. ఒకప్పుడు ఆయన కేక పక్క ఊరికి వినబడేది. గిన్నెల సంగతులేగాక, ఏ వీధిలో ఎవరింట్లో ఏం మాడిందో కూడా చెప్పుకుంటూ నడిచేవాడు. ఇప్పుడు గొంతు చాలావరకు పోయింది. ఇంకోమాట మాట్లాడితే మిగిలిన గొంతు కూడా దక్కదని డాక్టరు చెప్పాడట. గిన్నెలన్నీ అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మిగిలింది ఒక చెక్క బండి, దానికి కట్టిన గాడిద.

ఊఁ అత్త బండి చుట్టూ ఒకసారి తిరిగింది. చక్రాలు నొక్కి చూసింది. తన గుమ్మడికాయలన్నీ అందులో కూర్చుని వెళుతున్నట్టు ఊహించుకుంది. తన నెత్తి ఖాళీగా, మెడ నిటారుగా, పక్కన తను. అప్పుడు ఆమెకు తెలిసింది, ఏం కావాలో నిజంగానే తనకు బాగా తెలుసని.

బేరం మొదలైంది. ఆయనకు గొంతు లేదు, ఆమెకు అలవాటు లేదు. ఆయన వేళ్ళు చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపబోయి, మెడ తిరక్క, మనిషంతా అడ్డంగా ఊగింది. ఆయన కొన్ని వేళ్ళు ముడిచాడు. తగాదా చూద్దామని మూగినవాళ్ళు విసుగొచ్చి వెళ్ళిపోయారు. బేరం కుదిరింది. పగ్గం చేతికిస్తూ ముసలాయన గాడిదను చూపించి, తన నోటి ముందు వేళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి ఏదో సైగ చేశాడు. బాగా మేత పెట్టమంటున్నాడు కాబోలని ఆమె ఊఁ అంది. ఆయన గాడిద మెడ కావలించుకుని కాసేపు ఏడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

గాడిద బుద్ధిగా నడిచింది. టమాటాలవాళ్ళ అరుపులు, బట్టలవాళ్ళ అరుపులు, చిల్లర దగ్గర గొడవలు దాటుకుంటూ సంత చివరిదాకా చకచకా నడిచింది. ఊరి బయట రోడ్డు మీదికి రాగానే ఆగిపోయింది. ఆమె పగ్గం లాగింది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. వెనకనుంచి నెట్టింది. పచ్చగడ్డి చూపించింది. గడ్డి తినేసి మళ్ళీ నిలబడింది. దారినపోయేవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన చెవిలో ఊదమన్నాడు, ఇంకొకాయన దాని ముందు తనే నడిచి చూపించాడు. ఆయన నడక బాగానే ఉంది, గాడిద మాత్రం కదల్లేదు.

దిక్కుతోచక ఆమె బండి మీద కూలబడింది. అప్పుడు ఫోను మోగింది. ఎత్తి చూస్తే రికార్డు చేసిన గొంతు. "ప్రియమైన వినియోగదారులారా, మీకు నచ్చిన కాలర్ ట్యూన్ ఎంచుకోండి" అంటూ ఫోను కంపెనీవాళ్ళు గడగడా చదువుతున్నారు. బండి కదిలింది. గాడిద చెవులు రిక్కించి, ఆ ప్రకటన వింటూ హాయిగా నడుస్తోంది. ప్రకటన అయిపోయింది. గాడిద ఆగింది.

"మళ్ళీ వినడానికి ఒకటి నొక్కండి," అంది ఫోను.

ఆమె ఒకటి నొక్కింది. గాడిద నడిచింది. అలా నొక్కుతూ నొక్కుతూ చాలా దూరం వచ్చారు. మధ్యలో ఒకసారి ఒకటికి బదులు రెండు నొక్కడం వల్ల, ఆ రోజునుంచి ఆమెకు ఎవరు ఫోను చేసినా ముందు ఒక పసిబిడ్డ కిలకిలా నవ్వేది. అది వేరే సంగతి. సగం దారిలో ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

అప్పుడు ఆమెకు ముసలాయన సైగ అర్థమైంది. మేత కాదు, మాట. బతుకంతా ఆ తాత నోటి పక్కనే నడిచిన జీవం అది. మాట వినబడకపోతే కాళ్ళు ఆడవు.

ఆమె గొంతు సవరించుకుంది.

"ఊఁ," అంది.

గాడిద ఒక చెవి ఇటు తిప్పింది. అడుగు మాత్రం వేయలేదు. బతుకులో మొదటిసారి ఆమె ఊఁ ఒకరికి సరిపోలేదు.

"నడు," అంది. ఒక అడుగు పడింది. "నడు నాయనా." రెండు అడుగులు. ఇంకేం చెప్పాలో తెలియక ఆమె కళ్ళ ముందున్నది చెప్పింది. "ఇది రోడ్డు. ఇది గుంట. ఇదింకో గుంట. ఇది మొన్న పూడ్చిన గుంట, మళ్ళీ పడింది." రోడ్డు నిండా గుంటలే కాబట్టి చాలాసేపు మాటలకు లోటు రాలేదు. గుంటలయ్యాక పొలాలు. పొలాలయ్యాక మబ్బులు. మబ్బులు కూడా అయిపోయాక, తనకు తెలియకుండానే, "మా ఆయన ఉండుంటేనా నాయనా, నువ్వు ఈపాటికి సముద్రం ఒడ్డున ఉండేవాడివి" అంది.

ఆ మాట అనేసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాడిద ఆగింది. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వని జీవం. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆయన చొక్కా ఎలా తడుపుకునేవాడో చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయింది.

గుమ్మం ముందు మరిది, దర్జీ నిలబడి ఉన్నారు. మరిది వెనకాల తోటికోడలు.

"అదేంటి వదినా?"

"గాడిద."

"అది కనబడుతూనే ఉంది. నా సోడా మిషను సంగతేంటి అంటున్నా. ఊఁ అన్నావుగా?"

"నాకూ ఊఁ అంది," అన్నాడు దర్జీ. "నా ఫళ్ళకి."

"నీకెందుకంటుంది? నాకంది."

తోటికోడలు మొగుడి వీపు చాటునుంచి, నాకూ అన్నావు అన్నట్టు కళ్ళతోనే నిలదీసింది. పైకి మాత్రం ఏమీ తెలియనట్టు గాడిద తోకను చూస్తూ నిలబడింది.

"ఉన్న డబ్బు గాడిద పాలు చేశావా? గాడిద గుడ్డు," అన్నాడు ప్లాన్లాయన, ఇంకేం అనాలో తోచక.

"గాడిద గుడ్డు ఫెట్టదు," అన్నాడు దర్జీ, ఉన్నమాట చెప్పాలి కదా అన్నట్టు.

ప్లాన్లాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇకనుంచి నా ఆటో నీ గుమ్మం ముందు ఆగదు వదినా."

"ఊఁ," అంది ఆమె. ఈసారి ఆ ఊఁకు అర్థం సరే అనే.

మరుసటి సంతకు బండి నిండా గుమ్మడికాయలతో ఆమె బయలుదేరింది. మొదటి వారం గుంటలతో, మబ్బులతో గడిచిపోయింది. రెండో వారం తనకొచ్చిన కలలు చెప్పింది. మూడో వారానికి సరుకు నిండుకుంది. గాడిద తెలివైనది, చెప్పిందే చెబితే నడక తగ్గించేది. ఇక ఆమె ఊళ్ళోవాళ్ళ సంగతుల్లోకి దిగక తప్పలేదు. చాడీలు చెప్పాలని కాదు, కాయలు సంతకు చేరాలని.

బండి దర్జీ కొట్టు ముందు మందగించింది.

"ఈ దర్జీ నన్ను పళ్ళు అడిగాడు నాయనా," అని మొదలుపెట్టింది. "నేను జాకెట్టు అడిగి ఎన్నాళ్ళయిందో చెప్పనా? గుడ్డ ఇచ్చినప్పుడు నేను లావుగా ఉన్నాను. తర్వాత చిక్కిపోయాను. ఇప్పుడు మళ్ళీ లావయ్యాను. కొలతలు తిరిగి తిరిగి అక్కడికే వచ్చాయి. ఇప్పుడు కుడితే సరిగ్గా సరిపోతుంది."

టీ కొట్టు బల్ల మీదున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టి మరీ విన్నారు. ఆ సాయంత్రమే దర్జీ జాకెట్టు తెచ్చి ఇచ్చాడు. దారాలు మాత్రం కత్తిరించలేదు.

ఆ తర్వాత మరిది ఇల్లు. వాళ్ళ కంచెకు పాకిన తీగను చూసి గాడిద పూర్తిగా ఆగింది. దాన్ని కదిలించాలంటే గట్టి సంగతే కావాలి. ఆమె చుట్టూ చూసుకోలేదు. చూసుకోవాలంటే మెడ తిరగాలి కదా.

"మా చెల్లెలు కుట్టు మిషను కావాలంది నాయనా. మొగుడికి చెప్పొద్దంది. చెబితే దాని మీద కూడా ప్లాను వేస్తాడని దాని భయం. భయం ఉండదూ మరి? ఆయన ఆటో బాడుగ పోను నాకు తొడిమలు మిగిలేవి. టైర్ల అరుగుదలట. నా మెడ అరుగుదల ఎవరిస్తారు?"

గాడిద ఆనందంగా కదిలింది. గుమ్మంలో పళ్ళు తోముకుంటున్న ప్లాన్లాయన నోట్లో నురగతో అలాగే ఉండిపోయాడు. లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది.

ఊరు దాటి ఎవరూ లేని రోడ్డు మీదికి వచ్చాక వెనకనుంచి చెప్పుల చప్పుడు వినబడింది. మరిది పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. గడ్డానికి ఇంకా నురగ ఉంది.

"ఆపు వదినా."

"ఆపితే ఇది ఆగిపోతుంది."

"నడిరోడ్డు మీద నా పరువు తీస్తావా? నేనేం దొంగనా? అన్నయ్య ఉంటే ఇలా మాట్లాడేదానివా?"

మగగొంతు, పైగా పెద్దగొంతు. గాడిద చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాత రోజులు గుర్తొచ్చినట్టుంది, నడక పెంచింది. అతను కేకలు వేసినకొద్దీ అది పరుగు అందుకుంది. బండి మీద గుమ్మడికాయలు ఎగిరెగిరి పడుతుంటే, అటొకరు ఇటొకరు కాయలు పట్టుకుంటూ పరుగెత్తారు. తగాదా మాత్రం ఆగలేదు.

"ఆ బావి పక్క చెక్క నాది," అంది ఆమె రొప్పుతూ.

"నువ్వే ఊఁ అన్నావు."

"విన్నానని చెప్పాను. ఇచ్చానని చెప్పానా?"

"అయితే అప్పుడే కాదని ఎందుకనలేదు?"

"మీ అన్నయ్య ఉన్నప్పుడు నాకు సందు దొరకలేదు. ఆయన పోయాక నువ్వు సందివ్వలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కాదు."

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. రుచి చూస్తున్నట్టు ఇంకోసారి అంది. "కాదు." గాడిదకు కూడా ఆ మాట నచ్చినట్టుంది, ఓండ్ర పెట్టింది.

సంత చేరేసరికి ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. గొడవ విని జనం మూగారు. ఎవరో గళ్ళ చొక్కా ఆయన మధ్యలో దూరి, "కాయ ఎంత?" అన్నాడు. మరిది అదే కోపంలో, అదే గొంతుతో ఒక ధర చెప్పాడు. ఆమె కలలో కూడా అడగడానికి జంకే ధర అది.

"అంతా? కాయలు చప్పగా ఉంటాయేమో," అన్నాడు గళ్ళ చొక్కా.

"ఎవరి కాయలనుకున్నావు?" ప్లాన్లాయన అతని మీదికి వెళ్ళాడు. "మా వదిన కాయల్ని చప్పగా ఉంటాయంటావా? ఆమె ఈ కాయలకు నీళ్ళు పెట్టినంత శ్రద్ధగా నీకు మీ ఇంట్లో అన్నం కూడా పెట్టి ఉండరు. తీసుకుంటే తీసుకో, లేకపోతే పక్కకి జరుగు, వెనకాల మనుషులున్నారు."

వెనకాల నిజంగానే మనుషులున్నారు. తగాదా ఎటు తిరుగుతుందో చూద్దామని నిలబడ్డవాళ్ళు, ఊరికే నిలబడితే బాగుండదని తలా ఒక కాయ కొన్నారు. బండి ఖాళీ అయింది. డబ్బంతా ఆమె కొంగులో మూటగట్టుకుంది. అలవాటు కొద్దీ మరిది చెయ్యి చాచాడు. చాచిన చేతిని తనే ఒకసారి చూసుకుని, ఆ చేత్తో తల గోక్కున్నాడు. ఆమె అతనికి చల్లటి సోడా ఒకటి ఇప్పించింది. తాగి, "గ్యాసు తక్కువ పట్టించాడు" అన్నాడు.

తిరుగు దారిలో ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. ఇద్దరూ ఊరుకునేసరికి గాడిద ఆగింది. కాసేపు ముగ్గురూ రోడ్డు మధ్యలో నిలబడ్డారు. చివరికి మరిది గాడిద పక్కకు నడిచి, వదిన వైపు చూడకుండా, దాని చెవికి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మా అన్నయ్య ఉండేవాడు. ఇంట్లో ఆయన మాట్లాడుతుంటే నా మాట ఎవరూ వినేవాళ్ళు కాదు. ఒక్క 'ప్లాను' అంటే మాత్రం తలెత్తి, ఏం ప్లాన్రా అనేవాడు. అందుకని రోజుకొకటి వేసేవాణ్ణి." బండి నడుస్తోంది. "ఒక్కటీ కుదర్లేదనుకో. ఆ బావి పక్క వంకాయలు కూడా కుదర్లేదు. అన్నీ పుచ్చులే. ఆ చెక్క మా వదిననే వేసుకోమను."

"మా మరిదికి చెప్పు నాయనా," అంది ఆమె గాడిద రెండో చెవి దగ్గర, "మొక్కలు పీకించి, నేల దున్నించి మరీ అప్పగించమని."

"అది కొంచెం ఎక్కువ," అన్నాడు మరిది గాడిదతో.

"కాదు," అంది ఆమె.

దున్నించే అప్పగించాడు.

పంట మారేలోపు టోపీ అమ్మాయి మళ్ళీ వచ్చింది, డబ్బు అందాక బతుకులో ఏం మార్పు వచ్చిందో తెలుసుకోవడానికి. సరిగ్గా సంతకు బయలుదేరే వేళకు వచ్చింది. "రెండు మాటలు చెప్పండి చాలు" అంది. నిలబడి చెప్పే వీలు లేదని ఊఁ అత్త ఆమెను కూడా నడిపించింది. కొత్తగా వేసిన రెండో పంట గురించి, నొప్పి తగ్గి పక్కకు తిరుగుతున్న మెడ గురించి, పక్కకు తిరిగి చూస్తే ఊరు ఇంత పెద్దదా అనిపించిన సంగతి, సంస్థవాళ్ళు తమ ఇళ్ళల్లో చెప్పారో లేదో ఇంకా బెంగపడుతున్న ముసలామె సంగతి, అన్నీ చెప్పింది. సంత దగ్గరపడేసరికి ఆ అమ్మాయి రాయడం మానేసి, చెప్పులు చేత పట్టుకుని, తన పై అధికారి గురించి గాడిదకు చెప్పుకుంటోంది.

ఆ పంట డబ్బుతో తోటికోడలికి కుట్టు మిషను వచ్చింది. ప్లాన్లాయన దాని మీద ప్లానేమీ వేయలేదు. వేద్దామని నోరు తెరిచాడు కానీ, భార్య మిషను తొక్కుతుంటే ఆ చప్పుడుకు అతని మాట అతనికే వినబడలేదు. ఆమె సంచులు కుట్టింది, దిండు గలీబులు కుట్టింది. వాటిని అమ్ముకోవడానికి అక్కతోపాటు సంతకు బయలుదేరింది.

అక్కడే వచ్చింది చిక్కు. తోటికోడలు కూడా ఇన్నేళ్ళుగా గొంతు తగ్గించి మాట్లాడిన మనిషే. ఎదురుగా వినే చెవులు, అవీ అంత పొడుగాటివి, దొరికేసరికి ఆమె ఆగలేదు. ఆమె సగంలో ఉండగా అక్క అందుకునేది, అక్క పూర్తి చేయకముందే చెల్లెలు ఇంకోటి మొదలుపెట్టేది. గాడిద అంతటి అదృష్టం ఎరగదు. గుంటలూ గట్లూ చూసుకోకుండా దూసుకుపోయేది. దాన్ని ఆపాలంటే ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకోవాలి.

మొదటిసారి అలా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సంత దాటిపోయారు. టమాటాలవాళ్ళు చేతులూపి పిలిచారు కానీ, వీళ్ళు మంచి పట్టులో ఉన్నారు. అవతల వాగు మీది వంతెన కూడా దాటి పెద్ద పట్నం నడిబొడ్డున తేలారు. అక్కడ గుమ్మడికాయలకు రెట్టింపు ధర పలికింది. సంచులైతే చేతుల్లోంచి లాక్కున్నారు.

ఆ రోజునుంచి వాళ్ళ సంత పట్నంలోనే. వెళ్ళడం హాయిగానే ఉంది. పట్నంలో ఎక్కడ ఆగాలన్నదే ఇంకా తేలలేదు. కూరగాయల వీధిలో ఆగుదామని ప్రతిసారీ బయలుదేరేముందు ఇద్దరూ గట్టిగా అనుకుంటారు. ఒకసారి రైల్వే స్టేషను ముందు అమ్ముకొచ్చారు, ఒకసారి ఆసుపత్రి గేటు దగ్గర. పోయిన వారం బండి తిన్నగా సినిమా హాలు ముందు ఆగింది. అదీ ఎందుకంటే, పోస్టరు మీద హీరో మీసం చూసి ఇద్దరికీ ఒకేసారి మాట పడిపోయింది.